బిగించి చుట్టిన స్క్రోల్

ఆ స్క్రోల్ మీద అడ్డంగా నాలుగు పగుళ్లున్నాయి. మూడు నేను పుట్టకముందువి. నాలుగోది నాది. ఈ మాట బయట అనొద్దని నాకు చాలామంది చెప్పారు. మంచిగా చెప్పారు, కోపంగా చెప్పారు, ఒకసారి టీ తాగించి మరీ చెప్పారు. నేను అంటూనే ఉన్నాను. ఇప్పుడు రాస్తున్నాను కూడా.

స్క్రోల్ అంటే గోడకు వేలాడే నిలువెత్తు పటం. కాగితం మీద సిరాతో రాసి, వెనక ఇంకో రెండు పొరల కాగితం అంటించి, చుట్టూ పట్టు గుడ్డ వేసి, కింద గుండ్రటి కర్ర బిగిస్తారు. చూడాలనిపించినప్పుడు విప్పి వేలాడదీస్తారు, చూశాక చుట్టి పెట్టెలో పెడతారు. మా మ్యూజియంలో ఉన్నది చైనా చేతిరాత. రెండు నిలువు వరుసల్లో పెద్ద పెద్ద నల్లటి అక్షరాలు. మాలో ఎవరికీ చదవడం రాదు. చదవడం రాకపోయినా, కుంచె ఎక్కడ గట్టిగా ఆనింది, ఎక్కడ సిరా అయిపోవస్తుంటే చెయ్యి తొందరపడింది, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంది అన్నీ కనిపిస్తాయి. అక్షరం అర్థం కాకుండానే ఆ రాసినతని చెయ్యి నాకు తెలిసిపోయింది. అందుకే అది నాకు ఇష్టం. ఇష్టమైనదాన్నే పాడుచేశాను.

మ్యూజియం సూరత్ పాత బస్తీలో, తాపీ నదికి దగ్గర్లో, ఒకప్పటి వ్యాపారి భవంతిలో ఉంటుంది. ఒక ట్రస్టు నడుపుతుంది. ఈ ఊరివాళ్లు ఓడలెక్కి చైనా దాకా పోయిన రోజుల్లో తెచ్చుకున్న పింగాణీ పళ్లాలు, జాడీలు, పూలూ పిట్టలూ గీసిన పటాలు వాళ్ల మునిమనవళ్ల దాకా వచ్చాయి. మునిమనవళ్లకు వాటిని తుడిచే ఓపిక లేదు. ట్రస్టుకు ఇచ్చేసి చేతులు దులుపుకున్నారు. తుడిచే ఓపిక నాకుంది కాబట్టి నాకు ఉద్యోగం దొరికింది.

మేం సూరత్‌లోనే మగ్గాల పేట ఉధ్నాలో ఉంటాం. మా నాన్న, బాపు, సిరిసిల్ల నుంచి పెళ్లికాక ముందే వచ్చి ఇక్కడ సాంచాలు నడిపాడు. మరమగ్గాల్ని మేం సాంచాలంటాం. చెవులు కొంచెం పోయాక వార్పింగ్‌లోకి మారాడు. అంటే వేల దారాల పడుగును ఒక్కసారిగా ఇనుప బీము మీదికి చుట్టే పని. నేను తెలుగు మీడియం మునిసిపల్ బడిలో ఏడు చదివి, ఆ పైన గుజరాతీలో చదివాను. పట్టు గుడ్డలు మడతపెట్టడానికి, పింగాణీకి నూలు సంచులు కుట్టడానికి మనిషి కావాలంటే మ్యూజియంలో చేరాను. మూడేళ్లలో సంచుల దగ్గర్నుంచి పళ్లాల దాకా వచ్చాను.

బాపుకు ఈ ఉద్యోగం మొదట్లో నచ్చలేదు. చైనా నుంచి చవక గుడ్డ దిగిన ప్రతిసారీ ఇక్కడ సగం సాంచాలు ఆగుతాయి.

"చైనా మాల్ మన కడుపు కొడుతుంటె, నువ్వు పోయి వాళ్ల తాటీలు తుడుస్తున్నవా బిడ్డా?" అనేవాడు. పళ్లాల్ని మేం తాటీలంటాం.

"గవి మూడు వందల ఏండ్ల కిందటి తాటీలు బాపు. గప్పుడు నువ్వూ లేవు, నీ సాంచా లేదు" అనేదాన్ని.

నవ్వేవాడు. ఒక ఆదివారం మ్యూజియానికి వచ్చి, అద్దాల పెట్టె ముందు వంగి, నీలం పూల పళ్లెం ఒకటి చాలాసేపు చూసి, "పని మంచిగున్నది" అన్నాడు. బాపు నోట అది మామూలు మాట కాదు. మా ఇంట్లో పెళ్లిళ్లకు కూడా అంత మెచ్చుకోడు.

పింగాణీ పట్టుకోవడం నేను మేడమ్ దగ్గర నేర్చుకున్నాను. మేడమ్ అంటే మా క్యూరేటర్. కాకినాడ వైపు ఆవిడ. భర్త హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆవిడ మాట్లాడే తెలుగు, వార్తలు చదివినట్టుంటుంది, నా తెలుగు వింటే ఆవిడ కనుబొమలు పైకి లేస్తాయి. మేమిద్దరం మాట్లాడుకుంటుంటే వాచ్‌మన్ ఒకసారి, మీ ఇద్దరిదీ ఒకే భాషేనా అని అడిగాడు. ఆవిడ కాదన్నట్టు నవ్వింది. నేను నవ్వలేదు. అయినా నేర్పడంలో ఆవిడకు వంక పెట్టను. గాజులు తియ్యాలి, రెండు చేతులు కింద పెట్టాలి, అంచు పట్టుకోకూడదు, పిడి ఉంటే అసలే పట్టుకోకూడదు, నూలు గ్లవుజులు జారతాయి కాబట్టి కడిగిన చేతుల్తోనే ముట్టుకోవాలి. పళ్లాల గురించి ఆవిడ చెప్పినవన్నీ నాకు నోటికొచ్చు. స్క్రోల్ గురించి మాత్రం ఏమీ చెప్పలేదు. అప్పటికి మా దగ్గర స్క్రోల్ లేదు మరి.

అది బా ఇంటి నుంచి వచ్చింది. బా అంటే గుజరాతీలో పెద్దావిడ. తొంభై దగ్గర్లో ఉంటుంది. వాళ్ల మామగారి తాతో, ముత్తాతో చైనాలో వ్యాపారం చేసినప్పుడు అక్కడి వ్యాపారి ఒకాయన బహుమతిగా ఇచ్చాడట. బా దాన్ని పెట్టెతో సహా ఒళ్లో పెట్టుకుని కారులో తనే తెచ్చింది. మనవళ్లు ఎత్తుకుంటామంటే ఇవ్వలేదు. పెట్టె తెరిస్తే కర్పూరం వాసన వచ్చింది. విప్పి గోడకు వేలాడదీశాక, కుర్చీలో కూర్చుని అందరికీ కలిపి చెప్పింది.

"మా అత్తగారు బతికున్నంతకాలం దీన్ని నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆవిడ పోయాక నేను మా కోడళ్లను ముట్టుకోనివ్వలేదు. వరద వచ్చిన ఏడాది నీళ్లు కింది అంతస్తు మింగుతుంటే, మా వాళ్లు టీవీ మోసుకుని మేడెక్కారు. నేను ఈ పెట్టె మోసుకుని ఎక్కాను. దీని మీద ఒక్క చుక్క పడలేదు."

ఆ మూడు పాత పగుళ్లు కూడా అత్తగారి కాలం నాటివేనని, తన చేతిలో ఒక్కటీ కాలేదని వేలు పెట్టి మరీ చూపించింది. ఆ గర్వం నాకు నచ్చింది. నాకు గర్వం ఉన్నవాళ్లంటే ఇష్టం. వాళ్లతో బతకడం కష్టమే గానీ వాళ్లకు వస్తువులిచ్చి నిశ్చింతగా ఉండొచ్చు.

చైనా పటాల ప్రదర్శన పెట్టాలని ట్రస్టు తీర్మానించింది. వానాకాలం మొదట్లో ఫొటోలు తీయడానికి మనిషి వచ్చాడు. స్క్రోల్ వేలాడదీసి ఫొటోలు అయ్యేసరికి కరెంటు పోయింది. మేడమ్‌కు ట్రస్టు వాళ్ల ఫోనొచ్చింది. మెట్లు దిగుతూ, "దాన్ని చుట్టి పెట్టెలో పెట్టెయ్యమ్మా" అంది. అంతే అంది.

చుట్టడం నాకు కొత్త పని కాదు. చుట్టడం మా ఇంటి పని. బీము మీద వేల దారాలు ఎక్కుతున్నప్పుడు ఒక్కటి వదులైనా, రేపు సాంచా మీద అది తెగుతుంది, పక్కదాన్ని తెంపుతుంది. అందుకే బాపు బీము నిండాక బొటనవేలితో నొక్కి చూస్తాడు. వేలు దిగకూడదు. కర్రను నొక్కినట్టుండాలి. దిగితే ఆ బీము చుట్టినవాడికి కార్ఖానాలో ముఖం చూపించే దారి ఉండదు. మా ఇంట్లో చాప చుట్టినా అంతే, దుప్పటి చుట్టినా అంతే. చిన్నప్పుడు వదులుగా చుట్టిన చాపను అవ్వ, అంటే మా అమ్మ, మళ్లీ విప్పించి చుట్టించేది. వదులంటే మాకు బద్ధకం. వదులంటే మాకు సిగ్గు.

నేను కింది కర్ర నుంచి మొదలుపెట్టి, రెండు అంచులూ సమానంగా చూసుకుంటూ, ప్రతి చుట్టుకూ బిగించుకుంటూ పైదాకా చుట్టాను. రెండు కొసలూ అరచేత్తో తట్టి సరిచేశాను. చివర బొటనవేలితో నొక్కి చూశాను. వేలు దిగలేదు. రిబ్బను కట్టి పెట్టెలో పెట్టాను. బా తెచ్చినప్పుడు అది లావుగా, ఉబ్బినట్టుగా ఉండటం నేను చూశాను. ముసలావిడ చేతుల్లో పట్టు లేదు పాపం అనుకున్నాను. ఆ రోజు ఇంటికొచ్చి బాపుకు చెప్పాను కూడా, వందేళ్ల కాగితం బీము లెక్క చుట్టిన అని. బాపు తలూపి, "గట్లుండాలె" అన్నాడు.

వానలు తగ్గాక పెట్టె తెరిచాం. మేడమ్ పైన పట్టుకుంది, నేను కింద నుంచి మెల్లగా విప్పుతున్నాను. సగం దాకా రాగానే సన్నగా చప్పుడైంది. ఎండిన అప్పడం విరిగినట్టు. రెండో అక్షరంలో అడ్డంగా లాగిన లావుపాటి గీత కింద తెల్లగా పగులు. దాని పక్కన గోరంత మేర సిరా పొడై రాలి ఉంది.

"ఎవరు చుట్టారిది ఇలా?" అంది మేడమ్.

"నేనే మేడమ్."

"నిన్ను చుట్టమన్నానుగానీ ఇలా బిగించమన్నానా? దీన్ని వదులుగా చుట్టాలి. చుట్టుకు చుట్టుకూ మధ్య గాలి ఆడాలి. ఇది పాతకాలపు కాగితం, తాడు కాదు."

"వదులుగ చుట్టాలని మీరు చెప్పలే."

"అది కూడా చెప్పాలా?"

"చెప్పాలె మేడమ్. మాకు చుట్టుడంటె గట్టిగ చుట్టుడే."

ఆవిడ కుర్చీలో కూలబడింది. నా వైపు చూడకుండానే, "సాంచాల చేతులు సాంచాల దగ్గరే ఉండాలి. నాదే పొరపాటు" అంది.

పగులు చూసినప్పుడు ఏడుపొచ్చింది, ఈ మాటకు రాలేదు. ఒళ్లు మండిపోయింది. నా చేతులు తెలియక చేశాయి, బద్ధకంతో చేయలేదు. వాటికి తెలిసిన అత్యంత మంచి పద్ధతిలో, ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాయి. ఆ తప్పు చేయాలన్నా పని వచ్చి ఉండాలి. పని రానివాడు చుట్టి ఉంటే వదులుగానే చుట్టేవాడు, అక్షరం బతికేది. ఇదంతా నేను ఆవిడతో అప్పుడే అనాల్సింది. నా నోరు ఎప్పుడూ ఒక రోజు ఆలస్యంగా లేస్తుంది.

మర్నాడు మేడమ్ నన్ను పిలిచి, తన ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చింది. మూడేళ్లలో మొదటిసారి. "చూడమ్మా, ఊరు కాని ఊళ్లో మనిద్దరం తెలుగువాళ్లం" అంది. మా రెండు తెలుగులూ ఒకటైపోవడానికి ఇన్నాళ్లు పట్టిందన్నమాట. నేను టీ తాగాను.

ఆవిడ ముందుకు తోసిన కాగితం కండిషన్ రిపోర్టు. ప్రతి వస్తువుకూ ఉంటుంది. ఎక్కడ గీత పడింది, ఎక్కడ బీటుంది అన్నీ అందులో రాస్తాం. నాలుగో పగులు గురించి ఇంగ్లీషులో రాసింది చదివి చెప్పింది. దాత ఇంట్లో సరైన పద్ధతిలో దాచకపోవడం వల్ల ఏర్పడిన పాత పగులు, అని. కింద ఆవిడ సంతకం ఉంది. పక్కన ఇంకో సంతకానికి చోటుంది, వస్తువును ముట్టుకునే మనిషిది. అది నాది.

"ఇది పాతది కాదు మేడమ్. పాతవాటిల్ల దుమ్ము వట్టి రంగు మారింది. ఇది తెల్లగున్నది. ఎవరైన గుర్తువడతరు."

"ఎవరు గుర్తుపడతారు ఇక్కడ? ట్రస్టు వాళ్లకు కప్పుకూ సాసరుకూ తేడా తెలీదు. చెప్పేది విను. నీకు తెలీక జరిగింది, నేను చెప్పక జరిగింది. ఇద్దరి తప్పూ బయటపడితే ఇద్దరం ఇంటికి పోతాం. ఇలా రాస్తే ఎవరికీ ఏం కాదు."

"బా కు అయితది కదా."

"ఆవిడకేమవుతుంది? ఈ వయసులో ఇంగ్లీషు రిపోర్టు తెప్పించుకుని చదువుతుందా?"

నాకు మేడమ్ మీద జాలి కూడా కలిగింది, దాచడమెందుకు. ఆవిడ కాంట్రాక్టు ప్రదర్శన దాకానే. బయటి మనిషిని పెట్టుకున్నామని ట్రస్టులో ఒకరిద్దరు అప్పటికే సణుగుతున్నారు. ఆవిడ చెడ్డది కాదు, భయపడింది. కానీ భయపడ్డవాళ్లు ఎప్పుడూ తమ బరువు దించడానికి తమకంటే దూరంగా ఉన్న మనిషినే వెతుక్కుంటారు.

ఇంటికి పోయి బాపుకు చెప్పాను. ఆయన మొదట నమ్మలేదు.

"గట్టిగ చుడితె ఖరాబైతదా? ఏం మాల్ బిడ్డా అది?"

"కాగితం బాపు. గాలి ఆడాలెనట."

చేతులు ముందుకు చాపి, లేని బీమును ఒకసారి చుట్టాడు. వదులుగా చుట్టబోయాడు, చేతులు వాటంతట అవే బిగిశాయి. నలభై ఏళ్ల చేతులు మరి. నాకు నేర్పింది తనేనన్న బాధ ఆయన ముఖంలో కనిపించి నాకు ఇంకా కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియకుండానే.

అవ్వ మాత్రం రొట్టెలు కాలుస్తూ, "ఒక్క సంతకానికి ఏమైతది? వెట్టు. ముసలామెకు తెల్వనే తెల్వది" అంది.

"తెల్వదనే కదా ఆమె మీద రాస్తున్నరు" అన్నాడు బాపు.

బాపు సాంచాలు నడిపిన రోజుల్లో ఒక అలవాటుండేది. తన తాకాలో, అంటే తను నేసిన గుడ్డలో ఎక్కడైనా తప్పు పడితే, పరీక్షించేవాడు వెతికి పట్టుకునే దాకా ఆగేవాడు కాదు. తనే ఆ చోట అంచుకు రంగు దారం కట్టి పంపేవాడు. తోటివాళ్లు పిచ్చోడనేవాళ్లు. బాపును ఆ రోజు దాని గురించి అడిగాను, ఎందుకు కట్టేవాడివని. ఆయన వింతగా చూశాడు.

"కట్టకపోతె పక్క సాంచావాని మీద వడుతది గద" అన్నాడు. ఇందులో చెప్పడానికి ఏముంది అన్నట్టు.

నాకు ఆ ఉద్యోగం కావాలి. జీతం సంగతి కాదు, జీతం ఉధ్నాలో ఏ చీరల దుకాణంలో నిలబడినా వస్తుంది. నాకు ఆ గది కావాలి. పొద్దున్నే తలుపు తీస్తే చల్లగా ఉండే ఆ గదిలో, ఎవరో ఎన్నో ఏళ్ల కింద కుంచెతో దిద్దిన నీలం రంగును నా చేతుల్లోకి తీసుకోవడం కావాలి. మా వాళ్లలో ఇంకెవరికీ దొరకని పని అది. ఆ రాత్రి నేనేం గొప్పగా నిశ్చయించుకోలేదు. ఎటు తిరిగినా ఆ గదే గుర్తొచ్చింది. పొద్దున బస్సులో కూడా సంతకం పెట్టేస్తానేమో అనుకుంటూనే పోయాను.

కాగితం బల్ల మీదే ఉంది. మేడమ్ నాకు పెన్ను కూడా తీసి పెట్టింది. ఆ పెన్ను చూసేసరికి నాకు మొండితనం వచ్చింది. సంతకం పెట్టాల్సిన చోట గుజరాతీలో, ట్రస్టులో ప్రతివాడూ చదవగలిగేట్టు రాశాను. ఇది కొత్త పగులు, బా ఇంట్లో అయింది కాదు, బిగించి చుట్టడం వల్ల మ్యూజియంలో అయింది, చుట్టింది నేను, వదులుగా చుట్టాలని నాకెవరూ చెప్పలేదు. నా పూర్తి పేరు రాశాను, ఇంటి పేరుతో సహా.

మేడమ్ చదివింది. "నిన్ను నువ్వే ముంచుకున్నావు" అంది.

"మునిగితె నేనే మునుగుత మేడమ్."

ఆ కాగితం ఆవిడ సొరుగులోకి పోయింది. నా దగ్గరున్న స్టోరు గది తాళంచెవి కూడా ఆ సొరుగులోకే పోయింది. నన్ను టికెట్ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. కోల్‌కతా నుంచి పటాలు బాగుచేసే మనిషి వచ్చి, స్క్రోల్ వెనక సన్నటి కాగితం పట్టీలు అంటించి, రాలిన సిరా ఇక రాదని చెప్పి పోయాడని వాచ్‌మన్ ద్వారా తెలిసింది. నన్ను ఆ గదిలోకి రానివ్వలేదు.

నవరాత్రులయ్యాక ప్రదర్శన మొదలైంది. టికెట్లు చింపుతూ నేను ఊరి వేళాకోళమంతా విన్నాను. చైనా మాల్ అంటే రెండు రోజులు పనిచేయదు కదా, దీనికి గ్యారంటీ ఉందా అనేవాళ్లు కొందరు. ఈ పళ్లెం మూడు వందల ఏళ్లుగా పనిచేస్తోంది, మీ ఫోను ఎన్నేళ్లయింది అని అడిగేదాన్ని. నన్ను ఊడ్చే పనికి పంపినా బాధలేదు గానీ నా పళ్లాలను ఒక మాటంటే పడను.

ఒక పొద్దున తలుపులు తెరవకముందు లోపలికి వెళ్లి స్క్రోల్ చూశాను. పక్కన గోడకు చిన్న పలక ఉంది. గుజరాతీలోనూ ఇంగ్లీషులోనూ. చివరి వాక్యం, దాత ఇంట్లో ఏళ్ల తరబడి సరిగా దాచకపోవడం వల్ల అక్కడక్కడా దెబ్బతిన్నది, అని. రిపోర్టు ఎవరూ చదవరన్నారు. ఇప్పుడది గోడెక్కింది. ఊరంతా చదువుతుంది. పీకేద్దామనుకున్నాను. పీకితే దొంగతనంగా చేసినట్టవుతుంది. దొంగతనంగా ఏదీ చేయదలచుకోలేదు.

ఆ వారమే బా వచ్చింది. చక్రాల కుర్చీలో, తెల్ల చీరలో, ఇద్దరు మనవళ్లతో. టికెట్ అడగకుండా లోపలికి పంపాను. మేడమ్ ఎదురెళ్లి తీసుకెళ్లింది. కిటికీలోంచి నాకు హాలు కనిపిస్తుంది. కుర్చీ స్క్రోల్ ముందు ఆగింది. బా ముందు అక్షరాల్ని చూసింది, తర్వాత పలకను చూపించి చదవమంది. మనవడు పైకి చదివాడు. చివరి వాక్యం దగ్గర నవ్వాడు.

"విన్నావా బా? మమ్మల్ని ముట్టుకోనివ్వకుండా నువ్వే పాడుచేశావట."

రెండోవాడు కూడా నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, ఇంట్లో పెద్దవాళ్లను ఆటపట్టించే నవ్వే. కానీ బా ముఖం చూశాను. ఆవిడ కోప్పడలేదు. మేడమ్ వైపు తిరిగి, చిన్నపిల్లలా, "నేనా?" అంది. "కర్పూరం ఏటేటా మార్చాను కదా. నాకు గుర్తుండే మార్చాను. మరిచిపోయానా ఏమిటి?"

తన మతిమరుపును తనే వెతుక్కుంటోంది. జరగని తప్పును తన తొంభై ఏళ్లలో ఎక్కడ పడేసుకున్నానా అని వెతుక్కుంటోంది. నేను టికెట్ పుస్తకం మూసి, లేచి వెళ్లాను. నడిచినంతసేపూ భయమేసింది. ఆగలేదు.

"బా, మీరు కాదు" అన్నాను గుజరాతీలో. "మీ ఇంటి నుంచి మూడు పగుళ్లతోనే వచ్చింది. నాలుగోది నేను చేశాను. గట్టిగా చుట్టాను. ఈ పలక మీద రాసింది అబద్ధం."

బా నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"నువ్వా?"

"నేనే."

"ఎందుకు గట్టిగా చుట్టావు?"

"మా ఇంట్లో అలాగే నేర్పారు. గట్టిగా చుట్టడమే మంచి పని అని. దీనికి వేరే పద్ధతి ఉందని నాకెవరూ చెప్పలేదు. తెలిసి ఉంటే చేసేదాన్ని కాదు."

ఆవిడ మెచ్చుకుంటుందని మీరనుకుంటే పొరపాటు. ఒంటికాలి మీద లేచినంత పనిచేసింది. వరద నీళ్లకు ఇవ్వనిదాన్ని నీ చేతికిచ్చానా అంది. అడగడానికి నోరు లేదా అంది. తెలియని వస్తువును ముట్టుకునే ముందు ఎలా చుట్టాలని ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది అంది. అది నిజమే. నేను అడగలేదు. చుట్టడం నాకొచ్చు అనుకున్నాను. ప్రతి మాటా పడ్డాను, తల మాత్రం దించలేదు. దించితే ఆ పగులు గురించి సిగ్గుపడినట్టు కాదు, నా చేతుల గురించి సిగ్గుపడినట్టవుతుంది. పగులుకు సిగ్గుపడతాను. చేతులకు సిగ్గుపడను.

తిట్టడం అయ్యాక పలక తీసేయమంది. మేడమ్ తనే తీసింది. బా నన్ను మళ్లీ చూడకుండా వెళ్లిపోయింది. ట్రస్టు వాళ్లకు విషయం తెలిసింది, ఒక మీటింగు జరిగింది, మా ఇద్దర్నీ ఇంటికి పంపలేదు, పొగడనూ లేదు. నన్ను టికెట్ కిటికీలోనే ఉంచారు. స్టోరు గదిలోకి మళ్లీ ఎప్పటికీ పోనేమో అనుకున్నాను. సరే, పోకపోతే పోను అనుకున్నాను. అనుకోవడం తేలిక. రోజూ ఆ తలుపు ముందు నుంచి నడవడం తేలిక కాదు.

అలాంటి కాగితాల్ని ఎక్కువ రోజులు వెలుతురులో ఉంచకూడదు. ఆరు వారాలకు స్క్రోల్ దింపాలి. దింపే రోజు చెప్పమని బా ముందే కబురు పెట్టింది. పొద్దున్నే వచ్చి, హాల్లో స్క్రోల్‌కు ఎదురుగా కుర్చీ పెట్టించుకుంది. మేడమ్ గోడ మీది మేకు నుంచి తాడు దింపే పొడుగాటి కర్ర పట్టుకుని నిలబడింది. నేను కిటికీలో నా చోట కూర్చునే ఉన్నాను.

"ఆ అమ్మాయి ఏది?" అంది బా.

మేడమ్ సర్దిచెప్పబోయింది. "ఆమె ఇప్పుడు టికెట్ల దగ్గర ఉంటుంది బా. మీరు కంగారు పడకండి, ఈసారి నేనే స్వయంగా చుడతాను. ఆమెను దీని జోలికి రానివ్వను."

బా కుర్చీలో ముందుకు వంగింది. ఆవిడ గొంతు పెద్దది కాదు, అయినా నా కిటికీ దాకా ప్రతి మాటా వినిపించింది.

"నువ్వు చుట్టినప్పుడు పగిలితే నాకెవరు చెప్తారు?"

మేడమ్ నా వైపు నడిచొచ్చి, కర్ర నా చేతికిచ్చింది.